పదకొండో గది పుంజు

మా ఇంట్లో ఆ ఎండాకాలం తొమ్మిది పుంజులుండేవి. అందులో ఒక్కటైనా పుంజని మావారు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

"ఇది పెట్టేనోయ్. ఆ నడకలో నెమ్మది చూడు," అనేవారు. ఆ నెమ్మదస్తురాలు మర్నాడు పొద్దున్నే నీళ్ల డ్రమ్ము మీదికెక్కి, ఖాళీ బకెట్టు మెట్ల మీంచి దొర్లినట్టు ఒక కూత కూసేది. ఆయన నోట్లో బ్రష్షుతో పెరట్లోకి వచ్చి, దానివంక కాసేపు జాలిగా చూసి, "సరే, ఇదొక్కటీ పుంజే. మిగతావి మాత్రం పెట్టలే," అనేవారు. అలా తొమ్మిదిసార్లు అన్నారు.

మావారిది కళ్లద్దాల దుకాణం. ఊళ్లో సగంమంది చూపు ఆయన చేతిమీదుగా బాగుపడింది. అలాంటి మనిషి ఇంట్లో కోడి ఆడో మగో పోల్చుకోలేకపోతున్నారని నేను బయటెక్కడా అనలేదు. పరువు సంగతి అటుంచి, బేరాలు పోతాయి.

ఈ కోళ్ల పిచ్చి అంటించింది కూడా దుకాణానికొచ్చిన మనిషే. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఊరి చివర దొడ్లో పాతకాలపు జాతి కోళ్లు పెంచుతున్నారు. పెట్టలు కట్టెల బూడిద రంగు, పుంజులు కాలిన ఇటుక రంగు. తోక మాత్రం నల్లగా ఉండి, ఎండ తగిలితే పచ్చగా మెరుస్తుంది. ఆ రకం ఇప్పుడు ఆయన దొడ్లో తప్ప చుట్టుపక్కల ఎక్కడా మిగల్లేదట. ఉన్న ఒక్క పుంజూ ముసలిదైపోయింది. కళ్లజోడుకి కొలతలు తీస్తున్నంతసేపూ ఈ గోడంతా వెళ్లబోసుకుని, మర్నాడు ఇరవై గుడ్లు రంపప్పొట్టులో సర్ది తెచ్చిచ్చారు. షరతు ఒక్కటే. పిల్లలు ఎదిగాక మేలైన పుంజు మావారుంచుకోవాలి, దాని తర్వాతిది ఆయనకివ్వాలి. రెండు చోట్ల పెరిగితే ఒకచోట తెగులొచ్చినా జాతి నిలుస్తుంది.

ఇరవై గుడ్లలో పద్నాలుగు పిల్లలయ్యాయి. పద్నాలుగులో పెట్టలు ఐదు. నేను డిగ్రీలో జువాలజీ చదివానన్న సంగతి పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఈ ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. ఆ వారం అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. "నీకు తెలిసిన సబ్జెక్టేగా," అని దాణా డబ్బా నా చేతికిచ్చారు. నేను చదివింది కప్పని కోయడం. రెట్ట కడగడం మా సిలబస్‌లో లేదు.

ఎదిగేకొద్దీ తొమ్మిదీ ఒకే అచ్చులో పోసినట్టు తయారయ్యాయి. జాతంటే అదేనని మావారు పొంగిపోయారు. గుర్తుపట్టడానికి వాటి కాళ్లకి తొమ్మిది రంగుల ప్లాస్టిక్ రింగులు వేసి, ఏ రంగుది ఎలా ఉందో రాసిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించారు. రోజూ అన్నం తింటూ ఒక పాఠం. వీపు బల్లపరుపుగా ఉండాలట, కాళ్లు ఫలానా రంగులో ఉండాలట, తురాయి... ఆ తర్వాత నేను వినలేదు. తలూపుతూ వినకపోవడం నేను పెళ్లయ్యాక నేర్చిన విద్యల్లో ఒకటి. పాఠం చివర మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "పసుపు రింగుదాన్ని మించింది లేదు. దాని తర్వాత నీలం రింగుది."

నా లెక్కలో అంతా తలకిందులు. పసుపు రింగుది ఒట్టి రౌడీ. మిగతా ఎనిమిదింటినీ తిననివ్వదు, పెట్టల వీపు మీద ఈక మిగల్చదు, నేను దాణా వేస్తుంటే నా చెప్పులతో తగువు పెట్టుకుంటుంది. నీలం రింగుది నోట్లో నాలుక లేని జీవి. అందరూ తిన్నాక, తినొచ్చా అని అడుగుతున్నట్టు మెడ వంచుకుని వస్తుంది.

ఇంకో ఇంట్లో అయితే ఇదంతా వేళాకోళంగా గడిచిపోయేది. మా ఇంట్లో అత్తయ్య ఉన్నారు.

అత్తయ్య మగపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్లు వార్డెనుగా చేసిన మనిషి. ఆ చలికాలం బాత్రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనైంది, ప్లేటు వేశారు, కుట్లు మానాయి. నడక మాత్రం రాలేదు. వారానికోసారి వచ్చే ఫిజియో అమ్మాయి మొహమాటం తెలియని పిల్ల. ఎండలు ముదురుతున్న రోజుల్లో నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "వానలు మొదలయ్యేలోగా ఆవిడ ఎవరి సాయం లేకుండా నడవాలాంటీ. కండ కరిగిపోతే ఈ వయసులో మళ్లీ రాదు. ఆ తర్వాత ఇక మంచమే."

మా ఇంట్లో నడవడానికి పనికొచ్చే జాగా పెరడొక్కటే. లోపల గదికీ గదికీ మధ్య గడపలు. పెరట్లో వంటింటి మెట్టు నుంచి ప్రహరీగోడ దాకా సిమెంటు బాట ఉంది, నా అడుగులతో ముప్పై నాలుగు. సాయంత్రం ఐదింటికి అత్తయ్య ఒక చేతిలో కర్ర పట్టుకుని, రెండో చెయ్యి నాకిచ్చి, సగం దూరంలో ఉన్న నీళ్ల డ్రమ్ము దాకా వచ్చి వెనక్కి తిరిగేవారు.

ఆరోజు కూడా డ్రమ్ము దాకా వచ్చాం. పసుపు రింగుది గూటి పక్కనుంచి బయల్దేరి, ఒక రెక్క నేలకి వాల్చి, అడ్డంగా అడుగులేస్తూ మా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"ఏమిటమ్మాయ్ వీడి వేషాలు?" అన్నారు అత్తయ్య.

"పట్టించుకోకండి అత్తయ్యా."

"పట్టించుకోకపోతే ఊరుకునే మొహంలా లేదే. పదకొండో నంబరు గదిలో అచ్చం ఇలాంటివాడొకడుండేవాడు. ఊరికే భుజం తగిలించి, నువ్వే తగిలావని..."

మాట పూర్తి కాలేదు. అది మెడ ఈకలు గొడుగులా విప్పి, ఎగిరి, కర్రని రెండు కాళ్లతో తన్నింది. కర్ర పక్కకి పోయింది. అత్తయ్య బరువంతా నా మీద పడింది. రెండో తాపు ఆవిడ పిక్కకి తగిలి గీరుకుపోయింది. నేను చెప్పు తీసి విసిరాను. అది వెళ్లి నీలం రింగుదానికి తగిలింది.

రాత్రి మావారు దుకాణం నుంచి వచ్చి, తల్లి పిక్క మీద గీత చూసి, మందు రాసి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు.

"వయసు," అన్నారు తీరిగ్గా. "ఐదో నెల నడుస్తోంది. ఒంట్లో రక్తం ఊరుకోదు. ఓ రెండు నెలలు పోతే దానంతటదే సర్దుకుంటుంది."

"మీరూ ఆ వయసులో జనాల్ని తన్నేవారా?"

"నేను కళ్లజోడు పెట్టుకునేవాణ్ణి కదోయ్. ఎవర్ని తన్నాలన్నా ముందది తీసి భద్రంగా దాచుకోవాలి. ఈలోగా వాళ్లు వెళ్లిపోయేవారు."

"దాన్ని కాంపౌండర్ గారికిచ్చేసి నీలందాన్ని ఉంచుకుందాం."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "పసుపుదాన్నా? నీకు తెలియట్లేదు. అలాంటిది మళ్లీ పుట్టదు. దాని పిల్లలు మన పెరట్లో తిరగాలోయ్."

మావారు తనకి ఫలానాది కావాలని అడిగి చాలా ఏళ్లయింది. షర్టు రంగు కూడా నా ఇష్టమే. అందుకని అప్పటికి ఊరుకున్నాను.

మర్నాడు ఐదింటికి వెళ్లేసరికి అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"నేనిక బయటికి రానమ్మాయ్. నాకు భయం."

రెండువందలమంది మగపిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టిన మనిషి. ఆ మాట ఆవిడ నోట విన్నవాళ్లు లేరు. ఆరోజు నుంచి భోజనాలయ్యాక మంచం మీదే కాళ్లు ఎత్తించడం, దింపించడం మొదలుపెట్టాను. అది కాగానే రెండు నుంచి మూడున్నర దాకా నేను పడుకుంటాను. రోజు మొత్తంలో ఆ గంటన్నరే నా సొంతం. ఇంటికి నిప్పంటుకుంటే తప్ప లేపొద్దని అందరికీ చెప్పి ఉంచాను.

ఈలోగా పక్కింటి సంగీతం టీచరు గోడ మీంచి పిలిచింది.

"మీ పుంజులు కూస్తే నాకేం అభ్యంతరం లేదండీ," అంది. "ఒక్కటీ శ్రుతిలో కూయదు. అదీ నా బాధ."

"మందలించమంటారా?"

"నవ్వులాట కాదండీ. నా దగ్గరికొచ్చే పిల్లలు నన్ను వదిలేసి వాటినే పట్టుకుంటున్నారు. కనీసం సంఖ్యయినా తగ్గించండి. ఒకటో రెండో అయితే వాటికి తగ్గట్టు నేనే సర్దుకుంటాను."

తగ్గించక తప్పదని నాకూ తెలుసు. ఐదు పెట్టలకి తొమ్మిది పుంజులంటే పెట్టల బతుకు బతుకు కాదు. వాటి వీపులు బోసిపోయి ఎర్రటి చర్మం బయటపడింది. మావారికీ తెలుసు. తెలిసిన పని చేయడం మాత్రం నా శాఖ. నాలుగింటికి పెంచుకునేవాళ్లు దొరికారు. మూడింటి కోసం మాంసం కొట్టతను గంప పట్టుకుని వచ్చాడు. ఆరోజు మావారు పొద్దున్నే దుకాణానికి వెళ్లి మధ్యాహ్నం అన్నానికి కూడా రాలేదు. సాయంత్రం పెరట్లో నిలబడి మిగిలిన రింగులు చూసుకుని లోపలికొచ్చారు. ఏవి ఎటెళ్లాయని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

మిగిలినవి రెండు, పసుపు, నీలం. తొమ్మిదీ కలిసి పెట్టే పోట్లాటలన్నీ పసుపుది ఒంటిచేత్తో నెగ్గుకొస్తోంది.

అత్తయ్య బయటికి రానన్న ఆ మూడు వారాల్లో ఇంట్లో కొన్ని చిత్రాలు జరిగాయి. నేను చూడకపోలేదు, నాకు వీలైనట్టు అర్థం చేసుకున్నాను. అత్తయ్య కర్ర కింద రబ్బరు తొడుగు అరిగి, దానికి మట్టి పట్టి కనిపించింది. మీరు అత్తయ్య కర్రతో గూడు కెలుకుతున్నారా అని మావారి మీద విరుచుకుపడ్డాను. ఆయన తను కాదన్నారు. ఆయన ఎప్పుడూ అదే అంటారు. ఇంకోరోజు అత్తయ్య మంచం కింద ఊడుస్తుంటే ఇటుక రంగు ఈక ఒకటి వచ్చింది. కిటికీ తెరిచి ఉంచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అన్నిటికంటే పెద్ద చిత్రం, ఫిజియో అమ్మాయి వచ్చి పిక్కలు నొక్కి చూసి, "అబ్బ, కండ పడుతోందాంటీ! ఏం చేయిస్తున్నారు?" అంది.

"ఏదో, నాకు చేతనైనంత," అన్నాను. ఆ పూట నాకు కాస్త గర్వమే కలిగింది.

"ఇప్పుడు బయట నడిపించండి మరి. మంచం మీద ఎంత చేసినా నడకతో సమానం కాదు."

అత్తయ్య కళ్లు మూసుకుని, "అమ్మో, ఆ రాక్షసుడుండగా నా వల్ల కాదు," అన్నారు.

ఆ మాటతో నేనొక నిర్ణయానికొచ్చాను. ఆదివారం కాంపౌండర్ గారు తన పుంజు కోసం వస్తున్నారు. నీలం రింగుది ఇస్తానని మావారు మాటిచ్చారు. నీలం రింగుదే ఇవ్వనివ్వండి. ఏ కాలికి నీలం ఉంటుందన్నది మాత్రం నేను చూసుకుంటాను.

ఆదివారం తెల్లవారుతుండగా, మావారు స్నానాల గదిలో ఉండగా, గూటి తలుపు కొద్దిగా తెరిచి చెయ్యి పెట్టాను. వెలుతురు సరిగా రానంతవరకూ కోళ్లు మంచివి. నీలందాని రింగు తీస్తుంటే అది కాలు చాపి సహకరించింది. పసుపుదాని రింగు తీస్తుంటే నా బొటనవేలు కరిచి వదల్లేదు. నోరెత్తకుండా కరిపించుకోవడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. రెండు నిమిషాల్లో పసుపు నీలమైంది, నీలం పసుపైంది. లోపలికొచ్చి వేలికి గుడ్డ చుట్టుకుని టీ పెట్టాను.

కాంపౌండర్ గారు కొత్త కళ్లజోడుతో, పాత గంపతో వచ్చారు. మావారు నీలం రింగుదాన్ని పట్టి చేతికిచ్చారు. ఆయన దాన్ని చంకలో ఇరికించుకుని వీపు తడిమారు, కాళ్లు చూశారు, తల పట్టుకుని ఇటూ అటూ తిప్పారు. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూశారు.

"బాబూ, నాకిచ్చేది ఇదేనా?"

"అదేనండీ," అన్నారు మావారు.

"బాగా చూసుకునే ఇస్తున్నారా?"

"చూసుకున్నానండీ."

ఆయన నావైపు చూశారు. నేను ప్రహరీగోడ నాచువైపు చూశాను.

"సరే. మీ ఇష్టం," అని గంపలో పెట్టి మూత వేశారు.

మర్నాడు సాయంత్రం అత్తయ్య దగ్గరికి వెళ్లి, "లేవండి అత్తయ్యా. ఆ పసుపుది ఎందుకో మెత్తబడింది. ఇప్పుడు పిల్లి కంటే నయం. వచ్చి చూడండి," అన్నాను. లేచారు. నా చెయ్యి పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చారు. పసుపు రింగుది పెట్టలన్నీ తిన్నాక వెళ్లి నూకలు ఏరుకుంటోంది. అత్తయ్య దాన్ని చాలాసేపు చూశారు. నేనేదో మెచ్చుకోలు వస్తుందని చూస్తున్నాను.

"కాళ్లు లాగుతున్నాయమ్మాయ్," అని వెనక్కి తిరిగారు.

ఆ తిరగడం తిరగడం మంచానికే తిరిగారు. మర్నాడు లేవలేదు, ఆ మర్నాడూ లేవలేదు. అన్నం అక్కడికే తెమ్మన్నారు. తల దువ్వుకోవడం మానేశారు. కాళ్లు ఎత్తమంటే పరాయివాళ్ల కాళ్లు ఎత్తినట్టు ఎత్తి పడేస్తున్నారు. ఒక వారం తప్పి, పది రోజులకి వచ్చిన ఫిజియో అమ్మాయి పిక్క నొక్కి, మొహం ముడుచుకుని, "ఏమైందాంటీ? మొన్న ఉన్నదంతా పోయింది," అంది. బయట ఆ వారం నుంచే సాయంత్రాలు మబ్బు పట్టడం మొదలైంది.

ఆ అమ్మాయి వెళ్లాక నాకు ఒళ్లు మండిపోయింది. మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను.

"ఏమిటత్తయ్యా ఇది? భయపడ్డదానికి భయపడ్డారు, ఇప్పుడు ఆ భయం కూడా లేదుగా! పసుపుది గొర్రెపిల్లలా ఉంది. ఇంకా ఏం కావాలి మీకు?"

"పదకొండు ఏడీ?"

"ఎవరు?"

"పదకొండో గదివాడు. ఎటు పంపించావు?"

"అదిగో, పెరట్లోనే ఉన్నాడుగా. పసుపు రింగు."

అత్తయ్య నావైపు తిరిగారు. వార్డెను చూపు ఎలా ఉంటుందో ఇరవై రెండేళ్లకి నాకు తెలిసింది.

"యూనిఫాం మార్చుకుని హాజరు పలికితే నేను కనిపెట్టలేననుకున్న పిల్లలు నీకంటే ముందు చాలామంది ఉన్నారమ్మాయ్."

నేను స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాను.

"నువ్వు పడుకున్నాక రోజూ వెళ్లేదాన్ని," అన్నారు కప్పువంక చూస్తూ. "మొదటిరోజు మెట్టు దిగాను, అంతే. వాడొచ్చాడు. కర్ర చూపిస్తే వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చాడు. రెండోరోజు డ్రమ్ము దాకా పోనిచ్చాడు. వారానికి వాడు పది అడుగులు వెనక్కేస్తే నేను పది ముందుకేశాను. ఒకరోజు నా కంటే వాడే ముందొచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు, పొగరుబోతు. మీరు వాణ్ణి పంపేసే ముందురోజు ప్రహరీ దాకా తరిమాను. గోడెక్కాడు."

"ముప్పై నాలుగు అడుగులు?"

"నీవి ముప్పై నాలుగు. నావి యాభై ఒకటి."

"మరి నాతో భయమన్నారెందుకు?"

"భయమంటేనేగా నువ్వు బయటికి తీసుకెళ్లవు."

"నాతో నిజం చెబితే ఏం పోయింది అత్తయ్యా?"

"చెబితే నువ్వు చెయ్యి పట్టుకుంటావు," అన్నారు.

దుకాణానికి వెళ్లడం నాకలవాటు లేదు. ఆ మధ్యాహ్నం నిద్ర మానుకుని వెళ్లాను. మావారు దీపం కింద తల వంచుకుని, అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరుతో ఎవరిదో కళ్లజోడు మర బిగిస్తున్నారు. ఎదురుగా గోడ మీద అక్షరాలు పైనుంచి కిందికి చిన్నవవుతూ దిగాయి. నేను కొలత తీయించుకునే కుర్చీలో కూర్చున్నాను.

"మీతో ఒక మాట చెప్పాలి."

"పుంజు సంగతేనా?" అన్నారు తలెత్తకుండా.

"ఏం పుంజు?"

"పసుపుదాని నెత్తిమీది ఎర్ర తురాయికి దువ్వెనలా ఐదు పళ్లు, నీలందానికి నాలుగు. రోజూ అన్నం దగ్గర చెబుతూనే ఉన్నానుగా."

ఆ పాఠంలో ఆ ముక్క కూడా ఉందన్నమాట. కాంపౌండర్ గారు కళ్లజోడు పైకి తోసుకుని లెక్కపెట్టిందేమిటో కూడా తెలిసింది.

"మరి తెలిసీ ఎలా ఇచ్చారు?"

మర ఇంకో చుట్టు బిగించారు. "అమ్మ భయమంది. దాన్ని నా చేత్తో పంపించడం నా వల్ల కాలేదు. నువ్వు పంపించావు. పోనీలే అనుకున్నాను."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే నేను ఒప్పుకున్నట్టు అవుతుంది కదోయ్."

తొమ్మిది పుంజుల్నీ పెట్టలనడానికి కారణం చూపు కాదని నాకప్పుడు తట్టింది. పుంజని ఒప్పుకున్న మరుక్షణం దాన్ని పంపించాలి. నాకు నవ్వాలో స్క్రూడ్రైవరు లాక్కోవాలో తోచలేదు. మా ఇంట్లో ముగ్గురికీ నోళ్లున్నాయి. కోళ్లకైతే ఉన్న మాట కూసి చెప్పేయడం తెలుసు.

అత్తయ్య చెప్పిందంతా చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, యాభై ఒకటా, అని ఒక్కసారి అడిగి, వేళ కాకుండానే షట్టరు దించారు.

కాంపౌండర్ గారు దొడ్లో పెట్టలకి నీళ్లు పోస్తున్నారు. ఎడమ చంకలో మా పుంజు. తల ఆయన మోచేతి మీద వాల్చి, కళ్లు సగం మూసుకుని, గుడ్డల మూటలా ఉంది.

"మీ అదృష్టం బాగుంది," అన్నారు మమ్మల్ని చూసి. "పొద్దునో గంట, సాయంత్రమో గంట ఇలా చంకలో పెట్టుకుని తిప్పాను. పది రోజుల్లో దారికొచ్చాడు. ఇక పసిపిల్ల ముందు వదిలినా పొడవడు."

మావారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

"అసలు పొడవడా?" అన్నాను.

"అసలు పొడవడమ్మా."

"కొంచెం కూడానా?"

"కొంచెమేమిటి?"

"అంటే... మాకు పొడిచేదే కావాలండీ."

ఆయన నీళ్ల మగ్గు కింద పెట్టారు. మావారు గొంతు సవరించుకుని, మొదట్నుంచి చివరిదాకా ఒకటికి రెండుసార్లు వివరించారు. అంతా విని పెద్దాయన పుంజువంక చూశారు, మా వంక చూశారు.

"నలభై ఏళ్లు పశువుల ఆస్పత్రిలో చేశానమ్మా," అన్నారు. "తన్నుతోందని తెచ్చారు, కరుస్తోందని తెచ్చారు, పొడుస్తోందని తెచ్చారు. తన్నట్లేదని వచ్చినవాళ్లు మీరే."

"మళ్లీ వస్తుందాండీ, ఆ గుణం?"

"నేనెప్పుడూ పోగొట్టడమే చేశాను. తెప్పించడం తెలీదు," అన్నారు. "తీసుకెళ్లండి. పది రోజులు నా పెట్టలతో తిరిగాడు, ఆ గుడ్లు నాకు చాలు. ఆ నాలుగు పళ్లవాణ్ణి తెచ్చి నా మొహాన పడేయండి. నాకు తన్నని పుంజైనా పర్లేదు."

ఇంటికొచ్చాక ఎవరి రింగు వాళ్లకి తిరిగి వేసి, నీలందాన్ని ఆయనకి పంపించాం. అత్తయ్యతో ఏమీ అనొద్దని మేమిద్దరం అనుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి నేను దుప్పటి కప్పుకుని గట్టిగా ఊపిరి తీసి వదిలాను. కర్ర చప్పుడు నా గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్లగానే లేచాను. మావారు ఇంట్లో ఏదో మరిచిపోయానని అప్పటికే వచ్చి వంటింటి కిటికీ పక్క నక్కి ఉన్నారు.

అత్తయ్య మెట్టు దిగడానికి చాలాసేపు పట్టింది. పది రోజుల పడక మోకాళ్లలో తెలుస్తోంది. డ్రమ్ము నీడలో పుంజు పడుకుని ఉంది.

"ఏయ్, పదకొండు!"

అది లేచి, రెక్కలు దులుపుకుని, దారి వదిలి మర్యాదగా పక్కకి తప్పుకుంది. అత్తయ్య కాసేపు నిలబడి వెనక్కొచ్చేశారు. నేను పరుగున వెళ్లి దుప్పటి కప్పుకున్నాను.

రెండోరోజు దాన్ని కర్రతో పొడిచారు. "లేవరా. ఏం చేశార్రా నిన్ను? చవటని చేసి పంపించారా?" అది ఇంకాస్త దూరం జరిగింది. ఆవిడ ఇంకాస్త దూరం వెళ్లి మళ్లీ పొడిచారు. మావారు కిటికీ ఊచలు పట్టుకుని, "తన్నవే, తన్నవే," అని గొణుగుతున్నారు. కన్నతల్లిని తన్నమని కోడిని బతిమాలుతున్న మనిషి పక్కన నిలబడి, నేను మందలించాల్సింది పోయి, "మీరలా కంగారుపెడితే ఎలా తన్నుతుంది," అన్నాను.

మూడోరోజు గాలి లేదు. మబ్బు ప్రహరీగోడ మీద కూర్చున్నంత కిందికి దిగింది. అత్తయ్య డ్రమ్ము దాకా వెళ్లి పుంజుకి ఎదురుగా నిలబడ్డారు. ఈసారి ఏమీ అనలేదు, పొడవలేదు. కర్రని వాడి ముందు నేల మీద ఒక్కసారి టక్కుమని కొట్టారు.

పుంజు తల ఒకవైపు వంచి కర్రని చూసింది. ఒక అడుగు పక్కకేసింది. ఇంకో అడుగు వేసేటప్పుడు దాని కుడి రెక్క కొద్దిగా కిందికి జారింది.

"వాల్చిందోయ్," అన్నారు మావారు, నా మోచెయ్యి పట్టుకుని.

"మాట్లాడకండి."

రెక్క నేలకి తగిలింది. మెడ చుట్టూ ఈకలు ఒక్కొక్కటే లేచి, గుండ్రంగా విచ్చుకున్నాయి. పెట్టలు అటూ ఇటూ చెదిరాయి. అది రెండు కాళ్లు కూడదీసుకుని ఎగరడానికి వంగింది.

అత్తయ్య కర్ర ఎత్తారు. దాని కింద రబ్బరు తొడుగుకీ సిమెంటుకీ మధ్య జానెడు ఖాళీ, తర్వాత మూరెడు ఖాళీ. ఆవిడ పక్కన డ్రమ్ము లేదు, గోడ లేదు, నా చెయ్యి లేదు.

"రా మరి," అన్నారు.